అడవి దాటని దర్జీ

నేను తిరగని ఊరు లేదు గానీ, అసూయకు మందమ్మే కొట్టు ఎక్కడా కనబడలేదు. మా వీధి దర్జీకి ఆ జబ్బు సొంత పెళ్ళాన్ని చూసే పట్టుకుంది. ఇద్దరూ ఫోన్లలో ఒకే ఆన్‌లైన్ ఆట ఆడతారు. అందులో అడవి దాటితే కోట వస్తుంది. ఏడాదిగా తోటి ఆటగాడొకడు దారికాచి దర్జీని నరికేస్తున్నాడు. నిన్నగాక మొన్న మొదలుపెట్టిన ఆవిడ మాత్రం దర్జాగా కోటలో కూర్చుంది.

“వాడు నిన్నేమీ చెయ్యలేదా?”

“‘తిన్నావా తమ్ముడూ’ అని రాశానండీ. కోటదాకా దిగబెట్టి వెళ్ళాడు.”

దర్జీ కుట్టుమిషను ఆపి, అడవిలోకి వెళ్ళి, తనూ అదే రాశాడు. వాడు ఎత్తిన కత్తి దించాడు.

“ఈ మాట మా అక్కది కదా! ఆవిడ రాలేదా?”

దర్జీకి ఒళ్ళు మండిపోయింది. కోట ఎదురుగా ఉందన్న సంగతే మరిచి, తనే ముందు కత్తి దూశాడు. మళ్ళీ చచ్చాడు.