చంద్రుడికి తగలకుండా కట్టిన పసుపు దారం

శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగరేయబోతున్నారన్న వార్త మా ఇంటికి మొదట తెచ్చింది మా చిన్నాయన. ఆ రోజుల్లో మా పల్లెకు లోకం సంగతులు రావాలంటే ఎవరో ఒకరు పావగడకు పోయి రావాలి. ఆయన ఎద్దులకు పగ్గాలు కొనడానికి వెళ్లి, పగ్గాలు మరిచి, పేపరు తెచ్చాడు. (తిట్లు పగ్గాలకు, మురిపెం పేపరుకు.) పోలియోతో నా కాళ్లు పడిపోయాక నన్ను బడికి పంపలేదు. కళ్లంలో కూర్చోబెట్టి, మట్టిలో వేలు పట్టి అక్షరాలు దిద్దించింది ఆయనే.

"రాకెట్ లేసేదానికి గట్టి నేల కావాలంట పాపా. సిమెంటుతో చేసినారంట."

"మన కళ్లం మాదిరి పేడతో అలికితే సాలదా చిన్నాయనా?"

"సాలుతాది. మనమూ ఒగటి ఎగరేద్దాం."

దీపావళికి మిగిలిన రాకెట్టును సీసాలో నిలబెట్టాం. నేను చుట్టూ ముగ్గేసి, నిమ్మకాయ పెట్టి, కర్పూరం వెలిగించాను. అంతలో, పొద్దు ఇంకా ఉండగానే, తూర్పున నిండు చంద్రుడు పైకొచ్చాడు. సూటిగా పోయి ఆ స్వామికి తగిలితే ఎంత పాపం! చిన్నాయన ముట్టించేదానికి ఊదొత్తి తేవడానికి వెళ్లిన సందులో రాకెట్టు పుల్లకు పసుపు దారం కట్టి, పాక్కుంటూ పోయి రెండో కొస ఎద్దుల గుంజకు ముడేశాను. దూడ దూరం పోకుండా మేం చేసే పనే అది.

మా రాకెట్టు దారమున్నంత మేర లేచింది. కాస్త ఆలోచించుకున్నట్టు ఆగి, తల తిప్పి, నేరుగా శెనక్కాయ కట్టె వామిలో దూరింది. ఎండాకాలం దాకా మా ఎద్దులకున్న మేత అదొక్కటే. ఊరంతా బిందెలతో వచ్చినా సగం కాలిపోయింది.

"ఎవురు ముట్టించింది?" అన్నాడు నాయన.

"నేనేన్నా. సీసా సరిగ్గా పెట్టలేదు," అన్నాడు చిన్నాయన.

"రేపట్నుంచి దాని ముందర పలక కనపడకూడదు. నీ సదువుతో దాన్నీ చెడుపుతాండావు."

నేను వేళ్లకంటిన పసుపును పావడాకు తుడుచుకున్నాను. చిన్నాయన మెల్లగా అన్నాడు: "మేత నేను తెచ్చి పోస్తాన్నా. పాప సదువు మాత్రం ఆపొద్దు."

ఆ ఎండాకాలమంతా ఎక్కడెక్కడి గడ్డో కోసి, తలమీద మోసుకొచ్చాడు. సాయంత్రం బొబ్బలెక్కిన కాళ్లు చాపుకుని, "ఆ ఒత్తు మళ్లీ రాయి" అనేవాడు.

వానాకాలంలో మళ్లీ పేపరు తెచ్చాడు. పెద్ద రాకెట్టు సముద్రంలో పడిపోయిందట.

"వాళ్లదీ పడింది పాపా. వాళ్లు యా గుంజకు కట్టినారో ఏమో."

అప్పటిదాకా ఆయనకు తెలియదనుకున్నాను. ఏడుస్తుంటే తల నిమిరి, "మీ నాయనకు చెప్పొద్దు. ఇంకోటి ఎగరేస్తార్లే" అన్నాడు.

ఎగరేశారు, పైకి వెళ్లింది. ఆ వార్త నాకు తెచ్చి చెప్పడానికి చిన్నాయన లేడు. ఆ ముందు చలికాలమే జ్వరంతో పోయాడు. నాయనకు నేను చివరిదాకా చెప్పలేదు.

ఇప్పుడా కళ్లం మీద సోలార్ పలకలు పరిచారు. కంపెనీకి గుత్తకిచ్చిన రోజు పత్రాల మీద మా వైపు ఆడవాళ్లందరూ వేలిముద్ర వేస్తే, నేను పేరంతా రాశాను. "యా స్కూలమ్మా?" అన్నాడు గుమాస్తా. "ఇదేనప్పా" అని నేల చూపించాను. దేవుడు కాళ్లు తీసుకున్నా, చిన్నాయననిచ్చాడు.

టీవీలో రాకెట్ లేస్తుంటే ఇప్పటికీ నా చూపు ముందు అడుగుకే పోతుంది, దారమేమైనా ఉందేమోనని. ఆ బెదురు పిల్లను తలచుకుని నవ్వుకుంటాను. ఈసారి మీరూ చూసేటప్పుడు, చప్పట్లు కొట్టే ముందు, తనది కాని తప్పుకు ఎండాకాలమంతా గడ్డి మోసిన మా చిన్నాయనను ఒక్కసారి తలచుకోండి.