పగడం చేతులు లెక్కపెట్టిన రోజు

మా జంతుశాస్త్రం సార్‌కు రికార్డు మీద సంతకం పెట్టడానికి ఒకటే షరతు. చూసిందే గీయాలి. పుస్తకంలో బొమ్మ చూసి గీస్తే ఆ పేజీ అడ్డంగా కొట్టేసేవారు. తొంభైల మొదట్లో, మహబూబ్‌నగర్‌లో డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతూ, పగడపు జీవి బొమ్మకే నేను మూడు పేజీలు పోగొట్టుకున్నాను.

అసలు పగడం జంతువంటే నాకు నమ్మకం కుదరలేదు. కాలేజీ బీరువాలో ఉన్నది తెల్లటి రాయి. దాన్నిండా సూది బెజ్జాలు. ఆ బెజ్జాల్లోంచి చేతులు చాచి తింటుందట. నోరు ఒకటా, వెయ్యా? ఒకటి తింటే పక్కదానికి ఆకలి తీరుతుందా? మా పాపకు పాలిస్తూ కూడా ఇవే ప్రశ్నలు.

రామేశ్వరం దగ్గర సముద్రానికి అయిదు రోజుల యాత్ర అనగానే పేరిచ్చేశాను. ఇంటికొచ్చాక భయం పట్టుకుంది. పాపకు ఏడో నెల. పైగా సార్ ఏరికోరి అమావాస్య రోజులు పెట్టారు. అప్పుడు సముద్రం ఎక్కువ వెనక్కి పోతుందని, మోకాలి లోతులో పగడపు దిబ్బల మీద నడవొచ్చని.

"అమాస ముంగట పసిపిల్లను ఇడిసి ఎవలన్న పోతరా?" అంది అమ్మ.

"అమాసకే నీళ్లు తగ్గుతయంట అమ్మా. చందమామ గుంజుతడంట."

"గుంజనియ్. పిల్ల పాలకేడిస్తే గాయనొచ్చి తాపుతడా?"

అన్నదే గానీ, ఆ వారం నుంచే పాపకు గిన్నెతో ఆవుపాలు అలవాటు చేసింది. అత్తగారింటికి వెళ్లాక ఇంకోసారి నన్ను ఇలా పంపరని ఇద్దరికీ తెలుసు.

రాకపోకలు పోను సముద్రంలో మాకు దక్కింది రెండు రోజులే. మొదటి రోజు పడవ వాడు మమ్మల్ని ఒక చిన్న దీవి పక్కన దించాడు. పాత గుడ్డ బూట్లు వేసుకుని, కాలు ఎక్కడ పెట్టాలో తెలియక, ఒకరి చేతులొకరు పట్టుకుని నడిచాం. పాము తోక లాంటి చేతులున్న సముద్ర నక్షత్రాలు, ముట్టుకుంటే నీళ్లు చిమ్మే సముద్రపు దోసకాయలు. అలకు విరిగి పడి ఉన్న ఒక పగడపు ముక్క దొరికింది. గోధుమ రంగులో, జిగురుగా ఉంది. "బతికే ఉంది. బకెట్‌లో పెట్టి, మీద బట్ట కప్పి చీకటి చెయ్యమ్మా. తెరుచుకుంటే అప్పుడు గీద్దువు" అన్నారు సార్. అందరూ ఏరిన జీవులన్నీ కలిపి రెండు బకెట్లు. కాపలా నాకు అప్పగించారు, పిల్లతల్లిని గదా, జాగ్రత్తగా చూస్తానని.

మా ఇంట్లో కొర్రమీను తెస్తే వండేదాకా కుండలో బతికించేవాళ్లం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాత నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పోయాలి, లేకుంటే చేప సోలిపోతుంది. ఆ అలవాటు చేతుల్లో ఉంది. సాయంత్రానికి బకెట్లలో నీళ్లు కొంచెం మసకబారగానే వాటిని వంచేసి, బస చేసిన సత్రం ట్యాంకు నుంచి శుభ్రమైన మంచినీళ్లు నిండా పోశాను. తల్లిగా ఒక పని బాగా చేశానన్న తృప్తి కూడా కలిగింది.

గంట తర్వాత బట్ట తీస్తే నక్షత్రాల చేతులు విడివిడిగా తేలుతున్నాయి. పగడం మీద తెల్లటి చీమిడి.

సార్‌ది నల్లగొండ. కోపమొస్తే ఊరి మాట బయటికొచ్చేది. "ఏంజేసినవమ్మా? ట్యాంకు నీళ్లు పోసినవా? గివి చెరువు చేపలనుకున్నవా? ఉప్పునీళ్ల పానం మంచినీళ్లల్ల ఉబ్బి పగుల్తది."

నా కన్నా మూడేళ్లు చిన్నదైన ఒకమ్మాయి బకెట్‌లోకి తొంగి చూసి, "అక్కా, నువ్వు నీళ్లు మారుస్తే సముద్రం గూడ ఖతమైతది" అంది. అందరూ నవ్వారు. వాళ్ల రికార్డుల్లో బొమ్మలు కూడా ఆ బకెట్లలోనే పోయాయి మరి. బొమ్మ సంగతి అటుంచి, నా చేతుల మీదే నాకు అపనమ్మకం వచ్చింది. ఇంటి దగ్గర పాపకు కూడా ఇలాగే తెలిసీ తెలియక ఏం పోస్తున్నానో అనిపించింది.

ఫోన్ బూత్‌కు వెళ్లి మా పక్కింటి బట్టల దుకాణం చాచాకు ఫోన్ చేశాను. "జర ఆగు బేటీ, అమ్మను పిలుస్త. పిల్ల మంచిగున్నది, ఫికర్ చెయ్యకు" అన్నారాయన. అమ్మ వచ్చింది. నేను రేపే బండెక్కుతానన్నాను.

"పిల్ల తాగింది, ఆడుకుంటున్నది. గా రాయి నోరు తెరిచిందా?"

"తెరవలే. నేనే చంపిన."

"అయితే ఇంకోటి చూసి రా. ఉత్త చేతుల్తోని ఎందుకొస్తవ్?"

మరునాడే నీళ్లు బాగా తగ్గే ఆఖరు పొద్దు. పడవలో సార్ అన్నారు, "ఇయ్యాల ఎవలూ ఏదీ తెంపొద్దు. ఉన్న జాగల్నే చూడున్రి." పడవ వాడు అడుగున అద్దం బిగించిన చెక్కపెట్టె ఒకటి ఇచ్చాడు. అది నీటి మీద ఆనించి చూస్తే అల కదలిక పోయి అడుగు తేటగా కనిపిస్తుంది.

అలా చూస్తూ పోతుంటే ఒక గుండ్రటి బండ. దాని నిండా గోధుమ రంగు పూలు, కాడలతో సహా, ఒకే వైపుకు ఊగుతున్నాయి. ఇంకా వంగబోయి పెట్టె అంచు తగిలించాను. ఒక్క క్షణంలో పూలన్నీ లోపలికి పోయాయి. బీరువాలోని రాయే మళ్లీ.

కదలకుండా నిలబడ్డాను. నడుము పట్టేసింది, పాలు చేపి రవిక తడిసింది, మోకాళ్ల దగ్గరున్న నీళ్లు తొడల దాకా వచ్చాయి. పడవ వాడు అరవంలో కేకేశాడు. అంతలో బండ అంచున ఒక బెజ్జంలోంచి లేత మొన ఒకటి బయటికొచ్చింది. దాని పక్కన ఇంకోటి. మెల్లగా ఒక కాడ సాగి, కొసన చేతులు విచ్చుకున్నాయి. మధ్యలో చిన్న చీలిక, అదే నోరు. పెట్టెను గడ్డంతో ఆనించి పట్టుకుని, వేళ్ల కణుపుల మీద ఆ చేతులు లెక్కపెట్టాను. ఒక చేతి కణుపులు పన్నెండు, రెండో చేతివీ అయిపోయాయి.

"సార్, ఇరవై నాలుగున్నయి."

"పన్నెండుంటయి గదా? మళ్ల చూడు."

"మీరే చూడున్రి."

ఆయన ప్యాంటు తడుస్తున్నా లెక్కచేయక వచ్చి పెట్టెలోకి వంగారు. చాలాసేపు లేవలేదు. లేచాక అద్దాలు తుడుచుకుంటూ, "నేను గూడ ఇన్నేండ్లు పుస్తకంలదే చెప్పిన. విప్పుకున్నది చూసుడు ఇదే మొదలు" అన్నారు.

పడవెక్కగానే రికార్డు తియ్యమన్నారు. "ఇంటికి పోయి గీస్తే పుస్తకంల బొమ్మ యాదికొస్తది. ఇక్కడనే గియ్యి." అట్ట మీద నీటి చుక్కలు పడుతుంటే గీశాను. గీతలు వంకరపోయాయి. ఆయన పెన్సిల్ మొనతో ఒక్కొక్క చెయ్యీ లెక్కపెట్టారు.

"ఇరవై రెండే ఉన్నయ్."

"పడవ ఊగుతున్నది సార్."

"ఊగనియ్. ఇంకో రెండు గియ్యి."

గీశాను. పేజీ కింద సంతకం చేసి, సిరా ఆరేదాకా తన చెయ్యి అడ్డం పెట్టి పట్టుకున్నారు.