పోగు తెగిందన్న మనిషి

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకంటే లేదు. సోలాపూర్‌లోని మా నీలం నగర్‌లో మధ్యాహ్నం పూట ఆడవాళ్లం చాటలు ముందేసుకుని బీడీలు చుడుతుంటే, ఎవరో ఒకరు దయ్యం కథ ఎత్తుకుంటారు. ఫలానా గోడ దగ్గర తెల్లచీర కనిపించిందని, ఫలానా ఇంట్లో గజ్జెల చప్పుడని. చూసినామె ఆ రాత్రి ఏం తిని పడుకుందో నేను అడిగేదాన్ని. చివరికి నేనున్నప్పుడు ఆ కథలు చెప్పడం తగ్గించారు.

కాబట్టి ఇది దయ్యం కథ అనుకోవద్దు. ఏమిటో నాకూ తెలియదు. చూసింది చూసినట్టు రాస్తాను.

మా మరిది రాజేశానికి టవళ్ల వ్యాపారం. ఈ మధ్య అతనికి ప్రకృతి మీద ప్రేమ పుట్టింది. ఇంట్లో తులసి మొక్కకు చెంబెడు నీళ్లు పోయని మనిషి, ఫోనులో జలపాతాలు చూసి మురిసిపోతున్నాడు. మా నేతవాళ్ల దేవుడు మార్కండేయుడి రథం ఊరేగింపు అయిన తర్వాతి ఆదివారం, కర్ణాటక వైపు ఒక పల్లె దగ్గర గొప్ప నది లోయ ఉందని, జీపు మాట్లాడానని, రాకపోతే ఊరుకోనని పట్టుబట్టాడు.

నా కూతురు శ్రావణి వెళ్దామంది. నర్సింగ్ చదువుతోంది. నాకున్నది అది ఒక్కతే. తండ్రి పోయిన ఈ రెండేళ్లలో అది నోరు తెరిచి అడిగిన సరదా ఇదొక్కటే. అందుకని వెళ్లాను, లోయ మీద మోజుతో కాదు.

నదిని తప్పుపట్టను. రెండు వైపులా నల్లటి రాతి గోడలు, మధ్యలో పచ్చటి నీళ్లు, బాగానే ఉంది. దాని చుట్టూ మనుషులు చేసిన పనే చూడలేం. గేటు దగ్గర సిమెంటు డైనోసార్ నిలబెట్టారు. నదికీ దానికీ ఏం సంబంధమని అడిగితే టికెట్లు చింపే అతను నా వైపు జాలిగా చూశాడు. ఫొటోల కోసం ఎర్ర రంగు పూసిన ఇనుప లవ్ గుర్తు ఒకటి, దాని ముందు పెద్ద వరుస. వ్యూ పాయింట్లని బోర్డులు పెట్టి జనాన్ని ఒక బండ మీద నుంచి ఇంకో బండ మీదికి తిప్పుతారు. అన్నిచోట్ల నుంచీ కనిపించేది అవే నీళ్లు. ప్రకృతిని కాపాడండి అని రాసిన బోర్డు కిందే చిప్స్ ప్యాకెట్ల గుట్ట ఉంది.

లోయలోకి దిగే కాలిబాటను వాళ్లు ట్రైల్ అంటారు. రాళ్ల మీద పసుపు బాణాలు వేసి, నడవడానికి కూడా టికెట్ పెట్టారు. మా తాత కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని కోసం సోలాపూర్‌కు సగం దూరం నడిచే వచ్చాడట. అప్పుడు ఎవరూ బాణాలు గీయలేదు.

మాకు ఒక గైడును తగిలించారు. నడివయసు మనిషి, ఆకుపచ్చ జాకెట్, మెడలో విజిల్. పుట్టినప్పటి నుంచి ఈ నదిని చూస్తున్నానని కన్నడం కలిసిన హిందీలో దారి పొడుగునా చెప్పాడు. రాజేశం ప్రతి మాటకూ తలూపి వీడియో తీసుకున్నాడు. పైన ఎక్కడో మబ్బు పట్టి ఉంది కదా అని నేనడిగితే, అది దూరంలే అన్నాడు గైడు.

బాట అడుగున, జలపాతానికి కొంచెం కింద, నది ఇరుకైనచోట దాటడానికి వరుసగా రాళ్లు వేశారు. పక్కన పట్టుకోవడానికి ఒక తాడు కట్టారు. అవతల ఒక గుహ ఉంది, అందరూ అక్కడికే వెళ్తారట. నీళ్ల హోరుకు గైడు విజిల్ ఊదినా బుగ్గలు ఉబ్బడమే తప్ప చప్పుడు వినపడలేదు.

ఆ హోరు వినగానే నాకు కార్ఖానా గుర్తొచ్చింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు.

మా ఆయన పవర్‌లూమ్ కార్ఖానాలో నేసేవాడు. మగ్గాలన్నీ నడుస్తుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. అందుకని వాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. రెండు చూపుడు వేళ్లు కొనలు కలిపి విడదీస్తే పోగు తెగింది అని. పిడికిలిని తన వైపు లాక్కుంటే మగ్గం ఆపు అని, ఎందుకంటే వాళ్ల మగ్గం హ్యాండిలు అలా లాగితేనే ఆగేది. తెగిన పోగు ముడి వేశాక, వేలు నాలుకకు తాకించి, బొటనవేలితో నలిపి, అరచెయ్యి ముందుకు తోస్తారు. అతికింది, ఇక నడుపు అని.

తెలియనివాళ్లకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. ఆపు అంటే రమ్మన్నట్టు, నడుపు అంటే పొమ్మన్నట్టు ఉంటుంది. పెళ్లైన కొత్తలో నేనూ మోసపోయాను. అన్నం డబ్బా తీసుకుని కార్ఖానాకు వెళ్తే, ఆయన ఎవరికో మగ్గం ఆపమని చెయ్యి లాగాడు. నన్నే పిలిచాడనుకుని తిన్నగా మగ్గాల మధ్యకు వెళ్లి అందరితో తిట్లు తిన్నాను.

ఆ రొదలో ఆయన చెవులు పోయాయి. తర్వాత ఇంట్లోనూ సైగలే. నేను అరవడం మొదలుపెట్టగానే చెయ్యి లాగేవాడు, ఆపమని. నాకు ఒళ్లు మండేది. కాసేపటికి పాపమనిపించి అరచెయ్యి తోసేవాడు, సరే ఇక కానివ్వు అని. చివరికి దూది దుమ్ము ఛాతీలో పేరుకుని ఆస్పత్రిలో పడ్డాడు. వార్డులో నేను ఎవరి మీదో అరుస్తుంటే, ముక్కుకు గొట్టంతోనే చెయ్యి లాగాడు. నేను ఆపాను. తోయడం మాత్రం జరగలేదు, తెల్లారేసరికి పోయాడు.

ఇక నది దగ్గరికి వస్తాను.

రాజేశం రెండో రాయి మీద ఉన్నాడు. వెనకే శ్రావణి చున్నీ నడుముకు బిగించుకుని కాలు ఎత్తింది. అప్పుడు అవతలి ఒడ్డున, గుహ పక్క బండ మీద ఒక మనిషి కనిపించాడు. ముఖం కనిపించలేదు. కనిపించిందని రాస్తే కథ రక్తి కడుతుంది కానీ అబద్ధమవుతుంది. నీటి తుంపర్లలో ఆకారం, భుజాన టవల్, అంతే.

ఆ మనిషి చెయ్యి తన వైపు లాక్కున్నాడు. మళ్లీ మళ్లీ లాక్కున్నాడు.

గైడు సంతోషించాడు. మా వాళ్లే ఎవరో ముందే వెళ్లారు, రమ్మంటున్నారు, చలో చలో అని నా చెవి దగ్గర అరిచాడు. రాజేశం వెనక్కి తిరిగి, "వదినె, గంత భయమేంది? ఆయన రమ్మంటుండు గద," అన్నాడు.

శ్రావణి ఎత్తిన కాలు దించింది. అవతలికే చూస్తోంది. ఆ మనిషి రెండు చూపుడు వేళ్లు కలిపి విడదీశాడు.

"అమ్మా," అంది, "పోగు తెగిందంటున్నడు."

నేను దాని చున్నీ పట్టుకుని గట్టు మీదికి గుంజాను. ఎందుకని ఆలోచించలేదు. "రాజేశం, ఎనకకు రా. అది రమ్మనుడు గాదు," అని అరిచాను. అతను నవ్వాడు.

అతను నవ్వుతుండగానే నీళ్ల రంగు మారింది. పచ్చటివి ఎర్రగా అయ్యాయి, చెత్తా కొమ్మలూ వచ్చాయి, చూస్తుండగానే శ్రావణి అడుగు పెట్టబోయిన రాయి కనిపించకుండా పోయింది. పైన ఎక్కడో పడ్డ వాన అది, గైడు దూరమన్న మబ్బు. రాజేశం నడుం దాకా మునిగి తాడుకు వేలాడాడు. గైడూ మేమిద్దరం కలిసి లాగితే బయటపడ్డాడు. కొత్త బూట్లు నదిలోనే పోయాయి, వాటికి నేను బాధపడలేదు.

శ్రావణి నా భుజంలో ముఖం దాచుకుంది. దాని తల మీదుగా అవతలికి చూశాను. ఆ మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. వేలు నాలుకకు తాకించాడు. బొటనవేలితో నలిపాడు. అరచెయ్యి ముందుకు తోశాడు. ఇది మాత్రం నేనొక్కదాన్నే చూశాను.

కూతురి వైపు తిరిగి మళ్లీ చూసేసరికి బండ ఖాళీగా ఉంది.

పైకొచ్చాక టీ తాగుతూ, ఆ మనిషి ఎవరని గైడును గట్టిగా అడిగాను. అప్పటికి అతని ధీమా దిగిపోయింది. గుహ వెనక నిలువు గోడ, ఈ రాళ్లు తప్ప అటు వెళ్లే దారి లేదన్నాడు. పొద్దున గేటు తెరిచాక ట్రైల్‌లోకి దిగిన మొదటివాళ్లం మేమే. మిగతా గైడులంతా పైనే ఉన్నారు, నేనే వెళ్లి ఒక్కొక్కరినీ అడిగాను. వరద తగ్గాక ఇద్దరు అవతలికి వెళ్లి చూసి వచ్చారు. ఎవరూ లేరు.

తోవలో రాజేశం ఇదంతా ప్రకృతి శక్తి అని ఉత్తికాళ్లతోనే వీడియో చేశాడు. ఇంటికొచ్చాక వీధిలో వాళ్లు పూజ చేయించమన్నారు. మన సోలాపూర్ కార్మికుడే ఎవరో రాత్రే అటు చేరి ఉంటాడని నాకు నేనే చెప్పుకుని చూశాను. మరి ఆ వరదలో తిరిగి ఎలా వెళ్లాడు? శ్రావణి ఒకసారి తండ్రిని తలుచుకుని, "బాపు గిట్లనే గుంజుతుండె గద," అంది.

అది ఆయనేనని నేననను. బతికున్నన్నాళ్లు మా ఆయన ఏ పనికీ వేళకు రాలేదు. కూతురు పుట్టిన రోజు కూడా షిఫ్టు దిగి, టీ తాగి, తీరిగ్గా వచ్చాడు. ఆ రోజు అవతలి ఒడ్డుకు వచ్చింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా సరే, వేళకు వచ్చాడు.