నలభై గ్రాములు ఎటు పోయాయి?

రిటైరవడానికి ఏడాది ముందు, మే నెలలో, నాచారం పారిశ్రామికవాడలోని ఒక ఇన్వర్టర్ బ్యాటరీల ఫ్యాక్టరీకి నన్ను తనిఖీకి వేశారు. ఉప్పల్ ఆఫీసులో నేను సీనియర్ ఇంజనీరును. కాంటాలు సరిగ్గా తూస్తున్నాయో లేదో ప్రామాణిక తూకపు రాళ్లతో పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం నా పని. మొదటి రోజు ఛార్జింగ్ గదిలోని కాంటాను పరీక్షించాను. మర్నాడు సంతకం పెట్టడానికి వెళ్లాను.

షిఫ్ట్ ఇన్‌ఛార్జి యాదగిరి రిజిస్టరు తెచ్చి ముందు పెట్టాడు. ఆ ఉదయం నాలుగు బ్యాటరీలు దింపి తూచారు. ఛార్జింగ్‌కు ముందుకంటే ఒక్కోటి దాదాపు నలభై గ్రాములు తగ్గింది.

"కాంటా తప్పేం లేదు సార్. బరువే కరెంటయింది. మాస్ ఎనర్జీ అయితదని ఫోన్ల జూసిన," అన్నాడు ధీమాగా.

నాకు ఒళ్లు మండింది. "నలభై గ్రాములు నిజంగా శక్తిగా మారితే నాచారం ఉండదయ్యా, ఉప్పలూ ఉండదు!" అన్నాను. పైగా అతను తలకిందులుగా చెప్పాడు. ఛార్జింగ్‌లో శక్తి లోపలికి వెళ్తుంది కాబట్టి ద్రవ్యరాశి పెరగాలి. ఆ పెరిగేది దుమ్ము కణమంత కూడా ఉండదు, ఏ కాంటాకూ అందదు.

చెబుతూ చెబుతూ ఆగిపోయాను. మరి ఆ నలభై గ్రాములు ఎటు పోయినట్టు? బ్యాటరీలో తరిగేది నీరే. ఛార్జింగ్ మితిమీరితే నీరు విడిపోయి హైడ్రోజన్ బయటికొస్తుంది. ఛార్జింగ్ గదిలో ఇంకా చాలా బ్యాటరీలున్నాయి. ఒక్క నిప్పురవ్వ చాలు, గదంతా పేలిపోవడానికి.

లోపల ఎవరున్నారని అడిగాను.

"ఆపరేటర్ సువార్తమ్మ సార్. మిగిలినయాటికి క్లిప్పులు పీకుతున్నది."

ఛార్జర్ నడుస్తుండగా క్లిప్పు లాగితే రవ్వ లేస్తుంది. పరుగెత్తి తలుపు తెరిచాను. సువార్తమ్మ బ్యాటరీ మీదికి వంగి ఉంది. ఏదీ ముట్టుకోకుండా బయటికి రమ్మని అరిచాను. ఆమె వచ్చింది. యాదగిరి ఎగ్జాస్ట్ ఫ్యాను స్విచ్చు మీదికి చేయి చాచాడు; ఆ చేతిని కొట్టాను. స్విచ్చులోనూ రవ్వ పుడుతుంది. షెడ్డు బయటి మెయిన్ స్విచ్చు ఆపించి, తలుపులూ కిటికీలూ బార్లా తీయించి, గంటసేపు ఎవరినీ లోపలికి పోనివ్వలేదు.

ఆ వాయువును బయటికి పంపాల్సిన ఫ్యాను ఎందుకు ఆగిందని యాదగిరి మీద విరుచుకుపడ్డాను. జవాబు సువార్తమ్మ చెప్పింది.

"మీరే గద సార్, గాలికి కాంటా కదులుతదని నిన్న బంద్ జెయ్యమన్నరు. మళ్ల పెట్టుమని ఎవ్వలు జెప్పలే. పెద్దసార్ మాట అని గట్లనే ఉంచినం."

నిజమే. రీడింగు నిలకడగా ఉండాలని ఫ్యాను ఆపించి, పని కాగానే సంచీ సర్దుకుని వెళ్లిపోయాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నివేదికలో, మితిమీరి ఛార్జ్ చేసిన ఛార్జర్ లోపం పక్కనే, ఫ్యాను ఆపించినవాడిగా నా పేరూ రాశాను.

సూత్రం తెలియని యాదగిరి వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. సువార్తమ్మ ప్రాణం మీదికి తెచ్చింది సూత్రం తెలిసిన నేను. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, పరీక్ష కోసం ఆపించినదాన్ని నా చేత్తో మళ్లీ నడిపించాకే సంతకం పెట్టాను.