మా అవ్వ లెక్కలో రోజూ ఒక గొర్రె తక్కువ

మా అవ్వ కొండమ్మ గొర్రెలను లెక్కపెడితే ఎప్పుడూ ఒకటి తక్కువ వస్తుంది. పొద్దున్నే దొడ్డి తలుపు తీసి, ఒక్కొక్కదాని వీపు తడుతూ లెక్కపెట్టి, చివరికి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంటుంది.

"ఒకటి తక్కువైందే రుచితా! గుట్ట దిక్కు పోయి చూసి రాపో!"

నేను గుట్టెక్కి, దిగి, చెమటలు కక్కుతూ వస్తాను. "యాడ లేదవ్వా!"

"వచ్చిందిలే బిడ్డా. గీ నల్లదాని ఎనక నక్కింది."

మర్నాడు తెల్లదాని వెనక. ఆ మర్నాడు పొట్టేలు వెనక. పదో తరగతి లెక్కల్లో తప్పినదాన్ని కదా, ఆమెకు ఎదురు లెక్క చెప్పడానికి నాకు ముఖం చెల్లేది కాదు.

దీనికి ముందు సంగతి ఒకటుంది. పదహారేళ్లకే నేను ఎనభై నాలుగు కిలోలు. ఐదు నెలలుగా నెలసరి లేదు. తాండూరు డాక్టరమ్మ హార్మోన్ల తేడా అని మందులు రాసి, రోజూ నడవమంది. నడక మొదలుపెట్టిన రెండో రోజే హోటల్ జంగప్ప చాయ్ పోస్తూ, "జర మెల్లగ! రోడ్డు కొత్తగ ఏసిండ్రు!" అని అరిచాడు. బెంచీల మీద వాళ్లంతా నవ్వారు. ఆ రోజు నుంచి నేను గడప దాటలేదు.

తర్వాత ఫిజియోథెరపీ చేసే నాగరాణి మేడం దగ్గరికి తీసుకెళ్లారు. ఆమె నన్ను కూర్చోబెట్టి లేపుతుంటే అవ్వ అడ్డం పడింది.

"గివి బడిల తీయించే గుంజీలు గదా! మా పిల్ల ఏం తప్పు జేసింది?"

"తప్పు కాదవ్వా, కాళ్లకు బలం. ఇంట్ల గివి చెయ్యాలె, బయట గంట నడవాలె."

"ఇంట్ల ఎన్నన్న చేస్త మేడం. రోడ్డు మీద మాత్రం నడువ," అన్నాను.

ఇంటికొచ్చాక అవ్వ నడక ఊసే ఎత్తలేదు. మర్నాటి నుంచి ఆమెకు గొర్రెల పరేషానే సరిపోయింది.

నాలుగు నెలలకు నాగరాణి మేడం నా బరువు చూసి, నమ్మక మళ్లీ చూసింది. తొమ్మిది కిలోలు తగ్గాను. నెలసరి రెండు నెలలుగా వేళకు వస్తోంది.

"ఏం చేసినవ్ రుచితా?"

"గొర్రెను దేవులాడిన మేడం."

ఆ వారమే గొర్రెలకు టీకాలేయడానికి బాల్‌రాజ్ వచ్చాడు. "ఎన్నున్నయవ్వా?"

జొన్నరొట్టె నములుతూ, దొడ్డి వైపు చూడకుండానే అవ్వ చెప్పింది. "నలభై రెండు. మూడు సూడివి, జల్ది ఈనుతయి. ఒకదానికి ఎడమ కాలు నొప్పి."

బాల్‌రాజ్ లెక్కపెట్టాడు. నలభై రెండు. కాలునొప్పిది కూడా దొరికింది.

"అవ్వా! పొద్దుగాల నలభై ఒకటంటివి! నన్ను గుట్టెక్కిస్తివి!"

అవ్వ ఇంకో రొట్టె ముక్క తుంచుకుంది. "ఉత్తగ నడిస్తే నవ్విండ్రు. గొర్రె పోయిందంటే ఒక్కడన్న నవ్విండా?"

నిజమే. గుట్టకు పోయే దారిలోనే హోటల్ ఉన్న జంగప్పయితే రెండుసార్లు చాయ్ గిన్నె దించి, నాతో పాటు వెతికాడు కూడా.

మర్నాడు అవ్వ దొడ్డి దగ్గరికి పోకముందే నేను చెప్పులేసుకుని, నేరుగా హోటల్ ముందు నుంచే నడిచాను.

"మళ్ల పోయిందా బిడ్డా గొర్రె?" అన్నాడు జంగప్ప.

"గొర్రె పోలే పెద్దనాయనా. ఎక్సర్‌సైజ్ చేస్తున్న," గట్టిగానే అన్నాను.

ఎవరైనా నవ్వేలోపే వెనక నుంచి అవ్వ గొంతు లేచింది. "పదిహేను కిలోలు తగ్గింది నా మనుమరాలు! దమ్ముంటే దానెంబడి గుట్టెక్కుండ్రి, చూద్దాం!"

నేను తగ్గింది తొమ్మిదే. కానీ ఆ పందెం విన్నాక మెల్లగా నడవడం నా వల్ల కాలేదు.