సెన్సేషనల్ సాక్ష్యాలు

పొద్దున్నే ఫోను తెరిస్తే చాలు, ఏదో ఒక వీడియో మీద ఎర్రటి అక్షరాలతో 'సెన్సేషనల్' అని ఉంటుంది, నాకు ఒళ్ళు మండుతుంది. జీవితమంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని. ఊరంతా ఉలిక్కిపడే వార్తకో, ఘోరానికో, మరీ మురిసిపోతే ఆటకో పాటకో వాడే విశేషణం అది. అంతేగానీ ఇడ్లీ చట్నీకి కూడానా!

పదేళ్ళ కిందట, మా ఆయన పోయిన ఏడాది, కోటబొమ్మాళిలో మా చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఉజ్జీవ సభలు పెట్టారు. దేవుడు తమకు చేసిన మేలును ఒక్కొక్కరూ లేచి సాక్ష్యంగా చెప్పుకోవడం ఆ సభల్లో ఆనవాయితీ. ఆయన ఫ్లెక్సీ మీద 'సెన్సేషనల్ సాక్ష్యాలు' అని వేయించి, నన్నూ చెప్పమన్నారు. ఆ మాట ఎక్కడ వాడతారో, ఇక్కడ ఎందుకు నప్పదో నెమ్మదిగానే చెప్పాను. "అలాగుంటేనే జనం వస్తారండి అమ్మగారూ" అని నవ్వేశారు. నేనూ పట్టుబట్టలేదు, ఎందుకంటే నాకు ఆ మైకు కావాలి. పిల్లాజెల్లా లేనిదాన్ని, మా ఆయన గురించి నాలుగు మాటలు ఎవరికైనా చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుపోయేది.

నా ముందు లేచినవాళ్ళు ఒకరిని మించి ఒకరు. ఒకాయనను కిందటేడు కరిచిన విషంలేని నీరుకట్టె ఈ ఏటికి నాగుపామైపోయింది, చప్పట్లే చప్పట్లు. నేను లేచి, మంచాన పడ్డ మా ఆయనకు గంజి పట్టిన సంగతి, ఆయన్ను లేపి కూర్చోబెట్టే ఓపిక దేవుడిచ్చిన సంగతి చెప్పాను. పాస్టరుగారు పక్కనుంచి, చివర్లో ఏదైనా దర్శనం కనబడిందా అని అందించారు. లేదు బాబూ, ఊరికే పోయారు అన్నాను. ఒక్క హల్లెలూయా వినబడలేదు. మైకు పాస్టరుగారికిచ్చేసి వచ్చి చర్చి మెట్ల మీద కూర్చున్నాను, ఏడుపాగలేదు.

అప్పుడు మా వీధిలో చేపలమ్మే ముసలమ్మ, వెనక వరసలోంచి లేచొచ్చి పక్కన చతికిలబడింది. "మీ ఆయనకేటిష్టం? ఏటి తినీవోరు? సెప్పమ్మా, నానింటాను" అంది. ఉప్మాలో అల్లం ముక్కలు ఏరి పళ్ళెం అంచున పెట్టేవారని చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత చాన్నాళ్ళు గంప దించినప్పుడల్లా ఆయన కబురేదో ఒకటి అడిగి చెప్పించుకునేది.

ఆవిడా పోయింది. ఇప్పుడు చేపలు బండి మీద వస్తున్నాయి, చర్చిలో పెద్ద తెరలు వచ్చాయి, సభలు ఇంట్లో కూర్చునే చూడొచ్చట. మా ఆయన అల్లం ఏరి పక్కన పెట్టేవారని తెలిసినదాన్ని ఈ ఊళ్ళో ఇక నేనొక్కదాన్నే.