వెనక వరసలో విప్పిన బస్తా

ఆరేళ్ళుగా ఒక మాట నా గొంతుకి అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నా భార్యకి చెప్పలేదు. మా పాస్టరుగారికి చెప్పలేదు. ప్రార్థనలో మోకరించినప్పుడు కూడా, దేవుడికి తెలియనట్టే, ఆ ఒక్కటీ పక్కన పెట్టి మిగతావన్నీ ఒప్పుకునేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నాలాంటి పిరికివాడికి ఇంతకంటే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో నేను క్వాలిటీ చూసేవాణ్ణి. బస్తాలో గొట్టం గుచ్చి, గింజలు అరచేతిలో పోసుకుంటే చాలు. ఏ రకం, ఎన్నాళ్ళ నాటివి, నూక ఎంత, చెప్పేస్తాను. ముప్పై ఏళ్ళు అదే పని. గొప్పకి చెప్పడం లేదు. ఈ విద్య నాకు రాకపోయి ఉంటే నా తప్పు సగమే అయ్యేది, అందుకు చెబుతున్నాను.

ఆ ఏడాది మిల్లుకి పెద్ద ఆర్డరు వచ్చింది. ఎక్కడో యుద్ధం జరుగుతున్న దేశానికి సహాయం కింద పంపే బియ్యం. ఆ దేశం పేరు పలకడం కూడా మాలో ఎవరికీ సరిగ్గా రాదు. అక్కడ పడే బాంబులు అమ్మిన దేశాలే ఈ బియ్యానికీ డబ్బు కడుతున్నాయని ఓనరు గారు నవ్వుతూ చెప్పారు. వాళ్ళ తాతగారు తెల్లదొరల సైన్యానికి బియ్యం తోలి, ఆ లాభంతోనే ఈ మిల్లు కట్టారట. తాతగారికి ఒక యుద్ధం కలిసొచ్చింది, తనకి ఇంకోటి కలిసొచ్చిందని ఆయన సంబరం. నేనూ నవ్వాను. ఓనరు నవ్వితే నవ్వకుండా ఎలా ఉంటాం?

కానీ కలిసొచ్చింది ఆయనొక్కరికేనా? ఆ సీజన్లో మాలో ఎవరికీ పని లేని రోజు లేదు. ఆదివారం చర్చిలో ఆ దేశంలో శాంతి కోసం ప్రార్థన చేశాం. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నేనే. సోమవారం పొద్దున్నే ఫోన్లో వార్తలు చూసి, ఇంకా ఆగలేదు కదా, ఇంకో ఆర్డరు వస్తుంది కదా అనుకున్నదీ నేనే. ఛీ, ఏం మనిషిని! రెండూ మనస్ఫూర్తిగానే అనుకున్నాను. ఒకే నోటితో, ఒక్క రోజు తేడాతో.

ఆ సరుకులో సగం మంచిది. మిగతా సగం గోడౌన్లో ఏళ్ళ తరబడి మగ్గి ముక్కిపోయిన బియ్యం. దాన్ని మళ్ళీ పాలిష్ పట్టి కొత్త సంచుల్లో నింపాం. ముందు వరసల్లో మంచి బస్తాలు, వెనక వరసల్లో ఇవి. తనిఖీకి వచ్చినవాళ్ళని ముందు వరసల దగ్గరికి తీసుకెళ్ళి గొట్టం గుచ్చింది నేనే. కాగితం మీద సంతకం నాదే. తినేవాళ్ళు సముద్రానికి అవతల ఉన్నారు. మా ఊళ్ళో పెళ్ళికైతే ఆ బియ్యం పంపేవాణ్ణా? చచ్చినా పంపను. తిన్నవాడు మర్నాడు రోడ్డు మీద కనబడతాడు కదా. వీళ్ళు కనబడరు. నా మనసుకి ఆ ఒక్క ధైర్యం సరిపోయింది.

దీనమ్మ మిల్లులో ఊడ్చే మనిషి. మా చర్చి మనిషే. మా చర్చిలో ఆడవాళ్ళు అన్నం వండే ప్రతిసారీ, ఎసట్లో పోసేముందు, ఒక గుప్పెడు బియ్యం తీసి దేవుడి పేరున డబ్బాలో వేస్తారు. వారం వారం ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేసే బాధ్యత దీనమ్మది. అవి బీదవాళ్ళకి వెళ్తాయి. తనూ బీద మనిషేనన్న సంగతి ఆవిడకి ఎప్పుడూ తోచినట్టు లేదు. ఈ బస్తాలు ఎక్కడికండీ అని ఒకరోజు నన్నడిగింది. యుద్ధంలో తిండి లేక అల్లాడుతున్న పిల్లలకి అని చెప్పాను. ఎంత గర్వంగా చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేను.

మర్నాడు కాకినాడ పోర్టుకి లారీలు వెళ్ళాలి. మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచిన వేళ, గోడౌన్లోంచి వాచ్‌మన్ కేక వినబడింది. పరిగెత్తాను. వెనక వరసలో ఒక బస్తా మూతి కుట్టు విప్పి ఉంది. దాని పక్కన దీనమ్మ, కొంగులో బియ్యం పట్టుకుని. దొంగ, దొంగ అని వాచ్‌మన్ అరుస్తున్నాడు. హమాలీలు చేతులు కడుక్కోకుండానే పోగయ్యారు.

నన్ను చూడగానే ఆవిడ భయం కాస్త తగ్గింది. మిల్లులో ఎప్పుడూ సూపర్‌వైజర్ గారూ అనే మనిషి, ఆ రోజు చర్చిలో పిలిచినట్టు పిలిచింది.

"అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి ఈయనకి. నేను తియ్యట్లేదండి, పోస్తన్నానండి. మా ఇంటి గుప్పిళ్ళండి ఇవి. ఆ పిల్లలకని తెచ్చానండి. అందరూ చూస్తే బాగోదని ఈ వెనక్కొచ్చాను." తర్వాత గొంతు తగ్గించింది. "లోపలివి ముక్కిపోయున్నాయండి. పురుగు కూడా ఉంది. మీరు చూసుకోలేదేమో."

మీరు చూసుకోలేదేమో! అంత జరుగుతున్నా నా మీద మంచి అభిప్రాయమే పెట్టుకుంది చూడండి.

ఆవిడ కొంగులోంచి కాసిని గింజలు ఒక అరచేతిలోకి తీసుకున్నాను. బస్తాలోవి కాసిని ఇంకో అరచేతిలోకి. అలవాటు కొద్దీ చేతులే ఆ పని చేశాయి. ఆవిడవి లావు గింజలు, శుభ్రంగా చెరిగి, ఏరి తెచ్చిన బియ్యం. రెండోవి చూడక్కర్లేదు, వాసన చాలు. పసిపిల్లాడు కూడా చెప్పగలడు, ఇవి వేరు, అవి వేరు అని. సరిగ్గా అప్పుడే ఓనరు గారు వచ్చారు. ఆయన వెనకే, సరుకు ఓడకెక్కించే కంపెనీ తరఫు మనిషి.

"ఏంటయ్యా ఇది? ఆవిడ కొంగులోవి ఎవరి బియ్యం?" అన్నారు ఓనరు గారు.

"మనవేనండి" అన్నాను.

భయంలో నోరు జారిందని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాదు. ఆవిడవే అని అంటే ఆ కంపెనీ మనిషి నా రెండు చేతుల్లోకీ చూస్తాడు, చూస్తే వెనక వరసలన్నీ విప్పిస్తాడు, విప్పిస్తే నా సంతకం బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది. ఇదంతా తెలిసే అన్నాను. ఆవిడ కొంగులో బియ్యం మొత్తం నేనే ఆ బస్తాలో ఒంపేసి, రెండూ కలిసిపోయేలా చెయ్యి పెట్టి కలిపి, మూతి మళ్ళీ కుట్టించాను. ఆవిడ చేద్దామనుకున్న పనే చేశాను. ఆవిడ ఎందుకు చేయబోయిందో, నేను ఎందుకు చేశానో మీకు చెప్పక్కర్లేదు.

దీనమ్మ ఏడవలేదు. కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ పూటతో ఆవిడ పని పోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. నెల తిరక్కుండా ఆ మాట చర్చికి పాకింది. కమిటీ కూర్చుంది. మిల్లులో బియ్యం దొంగిలించిన మనిషి చేతికి దేవుడి బియ్యం ఎలా అప్పగిస్తాం అన్నారొకరు. ఆ కమిటీలో నేనున్నాను. నువ్వు అక్కడే పనిచేస్తావు కదా, నిజమేనా అని అడిగారు. నీళ్ళు నమిలాను. వాళ్ళు దాన్ని అవుననే అనుకున్నారు. నాకు కావలసిందీ అదే. ఒక్కసారి చేసింది తొందరపాటు అనుకోవచ్చు. తీరిగ్గా కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ, రెండోసారి కూడా చేసినదాన్ని ఏమనాలి?

గుప్పెడు బియ్యం పోగుచేసే పని కూడా తీసేశాక ఆవిడ ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయింది. పోయిన ఏడాది మా ఆవిడ ఆపరేషన్‌కి అక్కడి ఆసుపత్రికి వెళితే, వార్డులో ఆయాగా కనబడింది. బాగున్నారా అన్నయ్యగారూ అంది. మా ఆవిడకి దుప్పటి మార్చి, దిండు సరిచేసింది. నాలుగు రోజులున్నాం. రోజూ చెబుదామనుకున్నాను. రోజూ నోరు పెగల్లేదు. క్షమించేస్తుందేమోనని భయపడ్డానా, క్షమించదేమోనని భయపడ్డానా? నిజంగా నాకు తెలియదు.

ఇక ఆ బియ్యం తిన్న పిల్లలు. వాళ్ళకేమైందో అడగడానికి కూడా నాకు దారి లేదు. బాంబుల నుంచి తప్పించుకుని గిన్నె పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళకి నేను పంపింది అది. వేసినవాళ్ళు బాంబులు వేశారు, అమ్మినవాళ్ళు అమ్మారు, నేను మండపేట దగ్గర మిల్లులో కూర్చుని పురుగుల బియ్యం పంపాను. వాళ్ళు వేరు, నేను వేరు అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు అనుకోలేకపోతున్నాను.

ఇంకొక్క సంగతి. దీనమ్మ అన్నది ఆవిడ అసలు పేరు కాదు. మార్చి రాశాను. ఆవిడ పరువు కోసం అనుకున్నాను మొదట. ఆవిడ పరువుకి ఇందులో వచ్చే నష్టమేముంది? ఆ పేరు రాస్తే మా ఊళ్ళో నా పేరు తెలిసిపోతుంది. ఇంత రాసీ ఆ ఒక్క పేరు దగ్గర మళ్ళీ నన్ను నేనే కాపాడుకుంటున్నాను. కాబట్టి నేను మారిపోయానని మీరు అనుకోకండి. క్షమాపణ అడిగే మొహం కూడా కాదు నాది. అయినా ఇది ఎక్కడో ఒకచోట ఉండాలి, ఎవరో ఒకరు చదవాలి. ఆవిడ బియ్యం తియ్యలేదు. పోసింది. నేను చూశాను.